516001: కడప పిన్ కోడ్‌లో దాగిన సంఖ్య గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మా ఇంటి వసారాలో సాయంత్రంపూట ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఏ ఏడాది కొత్త పిల్లలు వచ్చినా మొదటి వారం ఒకే సంఖ్యతో మొదలుపెడతాం: 516001. ఏటా దాదాపు అవే ప్రశ్నలు వస్తాయి. పిల్లలు అడిగేవి కొన్ని, వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వినే అమ్మానాన్నలు అడిగేవి కొన్ని. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి. ప్రతి లెక్కా చేత్తో చేసి సరిచూసుకోదగ్గదే.

ఇన్ని సంఖ్యలుండగా 516001 ఎందుకు?

మా ఊరి పిల్లలకు నోటికి వచ్చిన ఆరంకెల సంఖ్య అదొక్కటే కాబట్టి. ఆధార్ కార్డు మీద ఉంటుంది, స్కాలర్‌షిప్ ఫారంలో అడుగుతారు, ఇంటికి పార్సిల్ తెప్పించుకోవాలన్నా అదే కొట్టాలి. రోజూ రాస్తారు, కానీ దాన్ని ఒక సంఖ్యగా ఎప్పుడూ చూసి ఉండరు. పుస్తకంలో 516001 బదులు ఇంకేదో ఆరంకెల సంఖ్య ఇచ్చి కారణాంకాలు కట్టమంటే ముఖం చిట్లించే పిల్లలు కూడా, "ఇది మన ఊరిది, లోపల ఏముందో చూద్దామా" అనేసరికి ముందుకు జరిగి కూర్చుంటారు.

పిన్ కోడ్ ఒక గుర్తు మాత్రమే కదా, దానికి గణిత లక్షణాలు ఎక్కడివి?

మంచి ప్రశ్న. పిన్ కోడ్ పద్ధతి మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఉన్న తపాలా జోన్. మొదటి మూడంకెలు 516 కలిపి చూస్తే ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడు పంచిపెట్టే పోస్టాఫీసు. తపాలా శాఖ ఈ అంకెలు వేసేటప్పుడు ప్రధాన సంఖ్యల గురించి ఆలోచించలేదు. రెండు పిన్ కోడ్‌లు కూడితే ఏ ఊరూ రాదు.

అయినా అంకెలు పక్కపక్కన పెట్టి రాయగానే అది ఐదు లక్షల పదహారు వేల ఒకటి అయిపోతుంది. ఆ సంఖ్యకు ఉన్న కారణాంకాలు ఎవరూ పెట్టినవి కావు, ఎవరూ తీసేయగలిగేవీ కావు. అందుకే దీని గురించి చెప్పేటప్పుడు రెండు రకాల విషయాలను విడిగా ఉంచమని పిల్లలకు చెబుతాను: ఒకటి, ఎందుకలా అవుతుందో కారణం చూపగలిగేది. రెండు, ఊరికే అలా కలిసొచ్చింది. రెండూ చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ ఒకటి కాదు.

516001 ప్రధాన సంఖ్యేనా?

కాదు. చూడ్డానికి మాత్రం అచ్చం ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది. చివర 1 ఉంది కాబట్టి 2కూ 5కూ తెగదు. అంకెల మొత్తం 13, కాబట్టి 3కు తెగదు. 7తో భాగిస్తే 3 మిగులుతుంది, 11తో 2, 13తో 5. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఇక్కడిదాకా చేసి, "ఇది ప్రధాన సంఖ్యే" అని నోటుబుక్కులో రాసి గీత కొట్టేశాను. ఆ తప్పు ఏళ్ల తరబడి నాతోనే ఉంది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే తేలిపోయేది, ఎందుకంటే తరువాతి ప్రధాన సంఖ్య 17.

17తో భాగించడానికి భాగహారం కూడా అక్కర్లేదు. సంఖ్యను ఇలా విడదీయండి:

516001 = 510000 + 5100 + 850 + 51

నాలుగు ముక్కలూ 17వ ఎక్కంలోవే. 17 మూళ్లు 51, 17 యాభైలు 850. కాబట్టి భాగిస్తే వచ్చేది 30000 + 300 + 50 + 3, అంటే 30353. మిగిలేది ఏమీ లేదు. "51 ముందే కనబడతాంది గదా సార్!" అని ఒక పిల్లాడు అరిచాడు ఒకసారి. అవును, 516001 మొదటి రెండంకెలే 51. కనబడుతూనే ఉంది.

ఎక్కడిదాకా భాగిస్తూ పోతే ప్రధాన సంఖ్య అని ఖాయంగా చెప్పొచ్చు?

వర్గమూలం దాకా. 718 × 718 = 515524, 719 × 719 = 516961. మన సంఖ్య ఈ రెంటి మధ్య ఉంది. కారణాంకాలు ఎప్పుడూ జంటగా వస్తాయి, జంటలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. కాబట్టి 718 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలు. 718 లోపు ప్రధాన సంఖ్యలు ఎన్నో తెలుసా? సరిగ్గా 127. ఈ 127 మళ్లీ మన కథలోకి వస్తుంది. అది ఊరికే కలిసొచ్చిందే, కారణమేమీ లేదు.

మిగిలిన 30353 సంగతేంటి? దాన్ని ఎలా విడగొట్టారు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. దీని కోసం పిల్లలను బల్లల మీద నుంచి దించి నేల మీద కూర్చోబెడతాను. మా ఇంట్లో కడప బండలు పరిచి ఉన్నాయి. నల్లటి నున్నటి బండ మీద సుద్దముక్కతో రాస్తే పలక మీద రాసినట్టే ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

17 నుంచి మొదలుపెట్టి ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోతే 25 భాగహారాల తరువాత గానీ తెమలదు. ఫ్రాన్సుకు చెందిన గణితవేత్త ఫెర్మా 17వ శతాబ్దంలో ఇంకో దారి చూపించాడు. బేసి సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు వాటంతటవే బయటపడతాయి. ఎందుకంటే ఒక వర్గంలోంచి ఇంకో వర్గం తీసేస్తే మిగిలేది, ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి తేడాతో గుణిస్తే వచ్చేదే.

30353 వర్గమూలం 174 దాటి కొంచెం ఉంటుంది. కాబట్టి 175 నుంచి మొదలుపెట్టాలి. వర్గం కట్టు, 30353 తీసేయి, మిగిలింది వర్గమేనా చూడు.

175: 30625, మిగిలేది 272. వర్గం కాదు.
176: 30976, మిగిలేది 623. కాదు.
177: 31329, మిగిలేది 976. కాదు.
178: 31684, మిగిలేది 1331.

ఇక్కడ ప్రతిసారీ ఎవరో ఒకరు ఆగుతారు, ఎందుకంటే 1331 అందరికీ తెలిసిన సంఖ్య. కానీ అది 11 ఘనం, వర్గం కాదు. ముందుకు పోవాలి. 179 దగ్గర 1688, 180 దగ్గర 2047, 181 దగ్గర 2408, 182 దగ్గర 2771. ఏదీ కాదు. 183 దగ్గర 33489, మిగిలేది 3136.

పోయిన ఏడాది ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఈ 3136 దగ్గర సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయింది. చివర 6 ఉంది, కాబట్టి 4తో గానీ 6తో గానీ ముగిసే సంఖ్య వర్గం కావాలి. 50 వర్గం 2500, 60 వర్గం 3600. "యాభై నాలుగా, యాభై ఆరా" అని తనలో తనే అనుకుంటూ బండ మూలన 56ను 56తో గుణించింది. 3136 వచ్చింది. పక్క పిల్లలంతా లేచి నిలబడ్డారు.

183లోంచి 56 పోతే 127. 183కు 56 కలిపితే 239. రెండూ ప్రధాన సంఖ్యలే. అంటే:

516001 = 17 × 127 × 239

తొమ్మిది ప్రయత్నాల్లో పని అయిపోయింది. రెండు కారణాంకాలు మరీ దూరంగా లేకపోవడం వల్లే ఫెర్మా దారి ఇంత త్వరగా తెగింది. ఇదే పద్ధతిని 516001కు మొదటి నుంచీ వాడి ఉంటే 719 దగ్గర మొదలై 1199 దాకా, 481 సార్లు వర్గాలు కట్టాల్సి వచ్చేది.

దీనికి మొత్తం ఎన్ని భాజకాలు?

ఎనిమిది: 1, 17, 127, 239, 2159, 4063, 30353, 516001. ఎనిమిదిటినీ కూడితే 18 × 128 × 240, అంటే 552960. తనను తాను వదిలేస్తే మిగతావాటి మొత్తం 36959. తన ముందు అది ఏ మూలకూ రాదు, కాబట్టి ఇది న్యూన సంఖ్య.

పక్కనే ప్రొద్దుటూరును చూడండి. 516360 = 2 × 2 × 2 × 3 × 5 × 13 × 331. దానికి 64 భాజకాలు! అన్నిటి మొత్తం 1673280, ఆ సంఖ్యకు మూడు రెట్ల పైమాటే. బంగారం అంగళ్ల ఊరికి తగ్గట్టే బాగా కలిగిన సంఖ్య అని మా దగ్గర చదివే ప్రొద్దుటూరు పిల్లలు గర్వంగా చెప్పుకుంటారు.

17, 127, 239 వీటిలో ఏమైనా విశేషం ఉందా?

ఒకటా రెండా. ఒక ఊరి పిన్ కోడ్‌లో ఈ ముగ్గురూ కలిసి దొరకడం కలిసొచ్చిందే. కానీ ఒక్కొక్కరి గొప్ప మాత్రం రుజువున్న గొప్ప.

17ను 16 + 1 అని రాయొచ్చు, 16 అంటే నాలుగు రెళ్ల లబ్ధం. ఇలాంటివాటిని ఫెర్మా ప్రధాన సంఖ్యలంటారు. ఇంతవరకు దొరికినవి ఐదే: 3, 5, 17, 257, 65537. జర్మనీ గణితవేత్త గాస్ 1796లో, తన పంతొమ్మిదో ఏట, పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయొచ్చని కనిపెట్టాడు. గ్రీకుల కాలం నుంచీ ఎవరికీ తెలియని సంగతి అది.

127ను 128 − 1 అని రాయొచ్చు, 128 అంటే ఏడు రెళ్ల లబ్ధం. ఇది మెర్సెన్ ప్రధాన సంఖ్య. దీన్ని 64తో గుణిస్తే 8128 వస్తుంది. తనను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే తానే వచ్చే పరిపూర్ణ సంఖ్యల వరుసలో 6, 28, 496 తరువాత నాలుగోది 8128.

239 దగ్గర కాసేపు కూర్చోవాలి. ఇంగ్లండుకు చెందిన జాన్ మేచిన్ 1706లో ఒక సంగతి పట్టుకున్నాడు. టాన్ విలువ 1/5 ఉండే కోణాన్ని నాలుగు రెట్లు చేసి, అందులోంచి టాన్ విలువ 1/239 ఉండే కోణాన్ని తీసేస్తే సరిగ్గా 45 డిగ్రీలు వస్తుంది. వెంట్రుకవాసి తేడా కూడా ఉండదు. దీన్ని పట్టుకుని ఆయన π (పై) విలువను నూరు దశాంశ స్థానాల దాకా కట్టాడు. ఇంకొకటి: ఏ సంఖ్యనైనా ఘనాల మొత్తంగా రాయడానికి తొమ్మిది ఘనాలు చాలు. తొమ్మిదీ తప్పనిసరిగా కావలసిన సంఖ్యలు 23, 239 రెండే అని 1939లో అమెరికా గణితవేత్త డిక్సన్ నిరూపించాడు.

ఇక నేల మీది బండ దగ్గరికి రండి. అడుగు చదరపు బండ ఒకటి తీసుకుని, మూల నుంచి ఎదుటి మూలకు టేపు పెట్టండి. 17 అంగుళాలు చూపిస్తుంది, ఓ నూలుపోగు తక్కువగా. ఎందుకంటే 12 వర్గం 144, రెండు 144లు 288. 17 వర్గం 289. ఒక్కటే తేడా. కర్ణం 17/12 రెట్లు అన్నమాట. దీన్ని ఇంకా సరిగ్గా పట్టుకోవడానికి ఒక దారి ఉంది: పైదానికి కిందిది రెండుసార్లు కలిపితే కొత్త పైది, పైదీ కిందిదీ కలిపితే కొత్త కిందిది.

17/12, 41/29, 99/70, 239/169, 577/408

ఈ వరుసలో చివరిది 577/408 మన శుల్బసూత్రాల్లో 2 వర్గమూలానికి, అంటే చదరం భుజానికి కర్ణం ఎన్ని రెట్లో దానికి, ఇచ్చిన విలువే. యజ్ఞవేదికలు కట్టడానికి ఇటుకలు పేర్చినవాళ్లు ఆ రోజుల్లోనే అంత దగ్గరికి వచ్చారు. అదే వరుసలో 17 ఉంది, 239 ఉంది. 239 వర్గం 57121, 169 వర్గానికి రెట్టింపు 57122. మళ్లీ ఒక్కటే తేడా. కడప బండ కర్ణంలో కడప పిన్ కోడ్ కారణాంకాలు రెండు బయటపడటం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

516001ను రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా?

రాయలేం. ఎంత వెతికినా దొరకదు, వెతక్కుండానే చెప్పొచ్చు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలు ఒక సంఖ్యలో ఉంటే, అలాంటి ప్రతి ఒక్కటీ సరిసార్లు రావాలి. అప్పుడే ఆ సంఖ్య రెండు వర్గాల మొత్తం అవుతుంది. 127ను 4తో భాగిస్తే 3 మిగులుతుంది, 239కీ అంతే. రెండూ ఒక్కోసారే వచ్చాయి. కాబట్టి తలుపు మూసుకుంది.

మూడు వర్గాలైతే కుదురుతుంది. 718 వర్గం తీసేస్తే 477 మిగులుతుంది కదా, అది 441 + 36. అంటే:

516001 = 718 × 718 + 21 × 21 + 6 × 6

రెండు వర్గాల తేడాగా మాత్రం నాలుగు విధాలుగా రాయొచ్చు, భాజకాల జంటలు నాలుగున్నాయి కాబట్టి. వాటిలో చిన్నది 1199 వర్గంలోంచి 960 వర్గం తీసేయడం: 1437601 − 921600 = 516001. ఇప్పుడొక వింత చూడండి. 719 వర్గంలోంచి 516001 తీసేస్తే మిగిలేది ఎంత? అదీ 960! ఒకచోట 960 వర్గం, ఇంకోచోట ఉత్త 960. దీని వెనక ఏదో రహస్యం ఉందని పిల్లలు పట్టుబడతారు. నేనూ చాలాసేపు చూశాను. లేదు, ఇది కలిసొచ్చిందే.

అంకెల మొత్తం 13, అది మంచిది కాదంటారు కదా? ఒకటీ మూడూ కలిపితే నాలుగు...

ఈ ప్రశ్న ఎక్కువగా పెద్దవాళ్ల నుంచి వస్తుంది. సూటిగా చెబుతాను: 13 వల్ల ఎవరికీ కీడూ లేదు, 4 వల్ల ఎవరికీ మేలూ లేదు. ఇంటి నంబరు, బండి నంబరు కూడికలు చూసి డబ్బు ఖర్చు పెట్టకండి. కానీ ఆ 4కు గట్టి అర్థం ఒకటుంది. సంఖ్యను 9తో భాగిస్తే మిగిలేది అదే. 10ని 9తో భాగిస్తే 1 మిగులుతుంది, 100కీ 1000కీ అంతే, కాబట్టి అంకెలు కూడుకుంటే చాలు.

ఆ ఒక్క శేషంతో పెద్ద సంగతి తేలిపోతుంది. ఏ పూర్ణసంఖ్య ఘనాన్నైనా 9తో భాగిస్తే మిగిలేది 0 గానీ, 1 గానీ, 8 గానీ. 8 అంటే ఒకటి తక్కువన్నమాటే. అలాంటివి మూడు కూడినా 3 దాకా వెళ్లగలం, లేదా 3 తక్కువకు, అంటే 6కు దిగగలం. 4 మాత్రం రాదు. కాబట్టి 516001ను మూడు ఘనాల మొత్తంగా రాయడం ఎవరివల్లా కాదు, రుణ సంఖ్యల ఘనాలు వాడుకోనిచ్చినా కాదు. రామానుజన్ చెప్పిన 1729 రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా వస్తుందని అందరం చదువుకున్నాం. దాని అంకెల మొత్తం 19, కూడితే 10, మళ్లీ కూడితే 1. దానికి దారి తెరిచే ఉంది. మనదానికి మూసి ఉంది.

తిరగేసి రాస్తే ఏమవుతుంది?

100615 అవుతుంది. రెండూ కూడండి: 516001 + 100615 = 616616. ఎటునుంచి చదివినా ఒకటే, వికటకవి లాగా! ఇది చూపించగానే పిల్లలు తమ ఫోన్ నంబర్లతో మొదలుపెడతారు, చాలావాటికి కుదరదు.

ఇక్కడ కారణం ఉంది. మొదటి అంకె, చివరి అంకె కూడితే 5 + 1, రెండోది, చివరినుంచి రెండోది కూడితే 1 + 0, మధ్యలో 6 + 0. ఎక్కడా పది దాటలేదు, అంటే పక్కకు మోసేది లేదు. మోసేది లేకపోతే మొత్తం తప్పకుండా వికటకవే అవుతుంది. అనంతపురం 515001కు 615516, కర్నూలు 518001కు 618816 వస్తాయి, అదే కారణంతో. పైగా సరి సంఖ్యలో అంకెలుండే వికటకవి సంఖ్య ఏదైనా 11తో తెగుతుంది. 616616లో 11 రెండుసార్లు ఉంది: 8 × 49 × 121 × 13.

ఇలాంటి దండలాంటి సంఖ్యల మీద ఇష్టం మనవాళ్లకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు 152207ను 73తో గుణించి ఎనిమిది ఒకట్లు, 11111111, చూపించాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల పుస్తకం పద్యాల్లో చదువుకున్న జాతి మనది.

కంప్యూటర్ లోపల ఇది ఎలా ఉంటుంది?

ద్విసంఖ్యామానంలో, అంటే ఒకట్లు, సున్నాలతోనే రాస్తే, 1111101111110100001. మొత్తం 19 స్థానాలు, అందులో ఒకట్లు 13. మామూలు అంకెల మొత్తం కూడా 13. కలిసొచ్చిందే.

1ని 516001తో భాగిస్తే దశాంశం ఎక్కడ ఆగుతుంది?

ఆగదు. 2, 5 తప్ప వేరే కారణాంకం ఉంటే ఆగే పని లేదు. కానీ 336 అంకెల తరువాత మళ్లీ మొదటికి వస్తుంది. ఈ 336 భాగహారం చేయకుండానే తెలుస్తుంది. 1/17 ప్రతి 16 అంకెలకు తిరిగొస్తుంది, 1/127 ప్రతి 42కు, 1/239 ప్రతి 7కు. 16, 42, 7 క.సా.గు 336. మూడు గంటలు ఒక్కో వేళకు మోగుతుంటే మూడూ కలిసి మళ్లీ ఎప్పుడు మోగుతాయని ఆరో తరగతిలో చేసే లెక్కే ఇది.

వీటిలో 239 మళ్లీ ముద్దొస్తుంది: 1/239 = 0.0041841 0041841... ఏడంకెలే. ఎందుకంటే 239 × 41841 = 9999999.

అనంతపురం, కర్నూలు సంఖ్యల్లో ఏముంది?

అనంతపురం: 515001 = 3 × 41 × 53 × 79. నాలుగు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, 16 భాజకాలు. ఇందాక బండ కర్ణం వరుసలో 17/12 తరువాత వచ్చిన 41 ఇక్కడ ఉంది, గమనించారా?

కర్నూలు: 518001 = 3 × 11 × 11 × 1427. ఒక స్థానం వదిలి ఒక స్థానం కూడితే 5 + 8 + 0 = 13, 1 + 0 + 1 = 2, తేడా 11. కాబట్టి 11తో తెగుతుంది. అందరూ అక్కడితో ఆగిపోతారు, ఇంకోసారి 11తో భాగించరు. 1427 పక్కన 1429 కూడా ప్రధాన సంఖ్యే, కవలలు.

అనంతపురానికీ కర్నూలుకూ ఉమ్మడి కారణాంకం 3. కడపకు ఆ రెండిటితోనూ 1 తప్ప ఉమ్మడి ఏమీ లేదు.

ఇదంతా నేర్చుకుంటే ఏం ఉపయోగం?

పరీక్షలో ఈ సంఖ్య రాదు, నిజం. కానీ 17, 127, 239 గుణించడం ఎంత తేలికో, 516001ను వెనక్కి విడగొట్టడం ఎంత కష్టమో చేతికి తెలిసింది కదా? ఆ తేడా మీదే 1977లో ఆర్‌ఎస్‌ఏ అనే రహస్యలిపి పుట్టింది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు గుణించి లబ్ధాన్ని అందరికీ చూపించేస్తారు, కారణాంకాలు దాచుకుంటారు. వెబ్‌సైట్ల తాళాల్లో ఇప్పుడు వాడే సంఖ్యలు ఆరు వందల పైచిలుకు అంకెలవి. సవాలుగా పెట్టిన 250 అంకెల సంఖ్యను విడగొట్టడానికి 2020 దాకా పట్టింది, అదీ కంప్యూటర్లను గుంపులుగా నడిపిస్తే. ఆ తాళాలు చేసేవాళ్లు రెండు ప్రధాన సంఖ్యలనూ మరీ దగ్గరగా ఎంచుకోరు. ఎందుకో బండ మీద 183 దాకా లెక్క కట్టిన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

అయినా ఆ తాళాల కోసం నేను ఇది చెప్పడం లేదు. 3136 దగ్గర ఆగిన ఆ అమ్మాయి ముఖం కోసం చెబుతున్నాను.

మన జిల్లాలో నిజంగా ప్రధాన సంఖ్య అయిన పిన్ కోడ్ ఉందా?

ఉంది. బద్వేలు, 516227.

పులివెందుల 516390 చూస్తే సున్నాతో ముగుస్తుంది, ముందే తెగిపోతుంది: 2 × 3 × 5 × 7 × 2459. ప్రొద్దుటూరు చూశాం. బద్వేలు దగ్గర మాత్రం ఏ ఎక్కమూ పనికిరాదు. 7తో 5 మిగులుతుంది, 11తో 8, 13తో 10, 17తో 5. 17 దగ్గర ఈసారి ఆగలేదు, ఇంకో అడుగు వేయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి. 37తోనూ 109తోనూ భాగిస్తే 3 మాత్రమే మిగిలి ఊరిస్తుంది.

దీని వర్గమూలం కూడా 718 దాటి 719 లోపే. అంటే ఆ 127 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి తీరాలి, దగ్గరిదారి లేదు. నలుగురు పిల్లలు, నేను, తలా కొన్ని పంచుకున్నాం. ఒకరు చేసింది ఇంకొకరు సరిచూశారు. వసారాలో బండలన్నీ శేషాలతో నిండిపోయాయి. చిట్టచివరిది 709. 709 × 728 = 516152. తీసేస్తే 75 మిగిలింది. ఆ 75 రాశాకే పక్కన "ప్రధాన సంఖ్య" అని రాశాం. ఆ రాత్రి నేల తుడవలేదు.